మచ్చల కుక్క మూత్రంలో మొదలైన తగవు

జాతి కుక్కల్లోకి బయటి జాతి రక్తాన్ని రానివ్వాలా వద్దా అన్న వాదన మళ్ళీ రాజుకుంది. ఈసారి మధ్యలో చిక్కుకున్నది కావలియర్ కింగ్ చార్ల్స్ స్పానియల్ అనే చిన్న కుక్క జాతి. ఈ జాతిలో ఇప్పుడు పిల్లలు తీస్తున్న పద్ధతి జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని నార్వే సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో తేల్చింది. అంతకు ముందు ఏడాది జనవరిలో ఓస్లో జిల్లా కోర్టు ఇంగ్లిష్ బుల్‌డాగ్‌ని కూడా కలిపి ఇదే మాట చెప్పింది. అప్పీలు కోర్టు బుల్‌డాగ్‌ని వదిలి కావలియర్ మీద తీర్పును నిలబెట్టింది. శాస్త్రీయంగా, ఆరోగ్యం కోసం వేరే జాతితో సంకరం చేసే దారిని మాత్రం న్యాయస్థానాలు మూసేయలేదు. బ్రీడర్లు రెండుగా చీలింది సరిగ్గా ఆ దారి దగ్గరే.

లండన్‌లో 1873లో కెన్నెల్ క్లబ్ పుట్టడం, ప్రదర్శనలు పెరగడం, జాతికో ప్రమాణం రాసుకోవడం కుక్కలతో పరిచయం ఉన్నవారందరికీ తెలిసిన కథే. దాన్ని వదిలేద్దాం. అందులోంచి ఒక్క నియమం మాత్రం గుర్తుంచుకోవాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ జాతి పుస్తకంలో, అంటే వంశాల నమోదు పుస్తకంలో, ఉంటేనే పిల్ల పేరు అందులో ఎక్కుతుంది. పుస్తకం మూతపడ్డాక కొత్త జన్యువు లోపలికి రాదు, పోయింది తిరిగి రాదు. గెలిచిన ఒక్క మగకుక్క దగ్గరికే అందరూ తమ ఆడకుక్కలను తీసుకెళ్ళిన ప్రతిసారీ కొన్ని జన్యువులు పోతూనే ఉంటాయి.

ఈ నియమానికి అసలు పరీక్ష ఎదురైంది కావలియర్ వల్ల కాదు, డాల్మేషన్ వల్ల. ఇప్పుడు రెండు పక్షాలూ చెబుతున్న మాటల్లో చాలావరకు 1980ల మొదట్లో ఆ మచ్చల కుక్క గురించి అన్నవే. అందుకే ఈ వివాదం అర్థం కావాలంటే అక్కడ కాస్త ఆగాలి.

మామూలు కుక్క శరీరంలో ప్యూరిన్లు (తిండిలోనూ, కణాల్లోనూ ఉండే పదార్థాలు) విరిగి యూరిక్ ఆమ్లం అవుతాయి. కాలేయంలో ఒక ఎంజైము దాన్ని అలంటోయిన్‌గా మారుస్తుంది. అలంటోయిన్ నీళ్ళలో తేలిగ్గా కరిగి మూత్రంలో పోతుంది. డాల్మేషన్‌కి ఆ ఎంజైము లేక కాదు. యూరిక్ ఆమ్లాన్ని కాలేయ కణంలోకి మోసుకెళ్ళాల్సిన రవాణా ప్రొటీన్ చెడిపోయింది. మూత్రపిండంలో దాన్ని వెనక్కి పీల్చుకోవాల్సిందీ ఆ ప్రొటీనే. దాంతో మిగతా కుక్కల కంటే సుమారు పది రెట్లు యూరిక్ ఆమ్లం మూత్రంలోకి చేరుతుంది. ఈ తేడాను శాస్త్రవేత్తలు 1916లోనే గమనించారు. ఇది తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువు చెడ్డ ప్రతి (నకలు) వస్తేనే బయటపడే లోపమని ఆ తర్వాత తేలింది. అప్పట్లో నమోదైన డాల్మేషన్లన్నింటిలో రెండు ప్రతులూ చెడ్డవే. పెద్ద మచ్చలు, స్పష్టమైన అంచులు ఉన్న కుక్కలనే తరతరాలుగా ఏరుకుంటూ రావడంతో, ఆ రూపంతో ముడిపడి ఉన్న చెడ్డ ప్రతి కూడా జాతి అంతటా స్థిరపడిందని జన్యుశాస్త్రవేత్తలు భావిస్తారు.

పుస్తకంలో ఒక్క మంచి ప్రతి కూడా లేనప్పుడు ఎంత జాగ్రత్తగా జతలు ఎంచినా లాభం లేదు. ఏరుకోవడానికి లోపల ఏదో ఒకటి ఉండాలి కదా.

మూత్రంలో చేరిన ఆ ఆమ్లం రాళ్ళుగా గడ్డకట్టవచ్చు, కానీ అన్ని డాల్మేషన్లకూ రాళ్ళు రావు. వచ్చేవాటిలో ఎక్కువ మగవి. మగకుక్క పురుషాంగంలో ఒక సన్నని ఎముక ఉంటుంది. మూత్రమార్గం ఆ ఎముక అడుగున ఉన్న గాడిలోంచి వెళ్తుంది. మిగతా దారి సాగుతుంది కానీ అక్కడ సాగే వీలుండదు. ఇసుక రేణువంత రాయి మూత్రాశయంలో ఉంటే పెద్దగా ఇబ్బంది ఉండదు. కాస్త పెద్దదైన రాయి కిందికి జారి ఆ గాడి మొదట్లో ఇరుక్కుందంటే, కుక్క మాటిమాటికీ కాలెత్తి రెండు చుక్కలు వదిలి, అక్కడే నాక్కుంటూ తిరుగుతుంది. పూర్తిగా అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో పొటాషియం పెరిగి గుండె మీదికి వస్తుంది. యూరిక్ ఆమ్లంతో ఏర్పడే ఈ యూరేట్ రాళ్ళు మామూలు ఎక్స్‌రేలో తరచూ కనబడవు. ఎక్స్‌రే బాగుందని ఇంటికి తీసుకొచ్చిన కుక్క ఆ రాత్రే ప్రాణం మీదికి తెచ్చుకోవడానికి కారణం ఇదే. అల్ట్రాసౌండ్ గానీ, రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రే గానీ అడగాలి. చికిత్సలో ముందు గొట్టంతో నీళ్ళు చిమ్మి రాయిని వెనక్కి మూత్రాశయంలోకి నెడతారు, ఆ తర్వాత కోసి తీస్తారు. మళ్ళీ రావడం మామూలే.

నివారణ కూడా జీవితాంతం మోయాల్సిన పనే. ప్యూరిన్లు ఎక్కువుండే కాలేయం, మూత్రపిండం లాంటి లోపలి అవయవాల మాంసం, సార్డిన్ చేపలు, ఈస్ట్ పెట్టకూడదు. తిండిలోనే నీళ్ళు కలిపి పెట్టాలి. మూత్రం గంటల తరబడి ఆపుకోకుండా తరచూ బయటికి తీసుకెళ్ళాలి. అల్లోప్యూరినాల్ మందు యూరిక్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. కానీ ప్యూరిన్లు తగ్గించకుండా ఆ మందు వాడితే వాటి స్థానంలో జాంథైన్ రాళ్ళు తయారవుతాయి, వాటిని వదిలించడం ఇంకా కష్టం.

ఈ పరిస్థితిలో 1973లో అమెరికా జన్యుశాస్త్రవేత్త రాబర్ట్ షైబుల్ ఒక డాల్మేషన్‌ని పాయింటర్ అనే వేటకుక్క జాతితో జత కట్టించారు. పాయింటర్‌ని ఎంచుకోవడంలో అర్థముంది. ఒడ్డూపొడుగూ, పొట్టి బొచ్చు, ఒంటి తీరు దగ్గరగా ఉంటాయి. జత కట్టించింది ఒక్కసారే. మొదటి తరం పిల్లలన్నింటికీ పాయింటర్ నుంచి ఒక మంచి ప్రతి వచ్చింది. వాటిని మళ్ళీ డాల్మేషన్లతో జత కడితే పుట్టే పిల్లల్లో సగటున సగానికి ఆ ప్రతి అందుతుంది. అప్పటికి డీఎన్‌ఏ పరీక్ష లేదు. మూత్రంలో యూరిక్ ఆమ్లం కొలిచి, తక్కువున్న పిల్లను ఏరి, తర్వాతి తరానికి వాడారు. పాయింటర్ వాటా మొదటి తరంలో 50 శాతం. ఆపై 25, 12.5, 6.25, ఐదో తరానికి 3.1. అంటే ఐదు తరాల వెనక్కి లెక్కపెడితే 32 మంది పూర్వీకుల్లో 31 డాల్మేషన్లు, ఒక్కటి పాయింటర్.

అమెరికాలో డాల్మేషన్ జాతి క్లబ్ పాలకవర్గం ఒప్పుకుంది. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ అలాంటి రెండు కుక్కలను డాల్మేషన్లుగా నమోదు చేసింది. జాతి ప్రమాణం చెడకుండా జన్యురోగాన్ని సరిదిద్దే శాస్త్రీయ మార్గం ఉంటే దాన్ని ముందుండి నడిపించడం కెన్నెల్ క్లబ్ బాధ్యత అన్న అర్థంలో దాని అప్పటి అధ్యక్షుడు బహిరంగంగా సమర్థించారు కూడా. కానీ జాతి క్లబ్ సభ్యులు తిరగబడ్డారు. 1984లో వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆ రెండు కుక్కల సంతానానికి నమోదు ఆగిపోయింది.

వాళ్ళ అభ్యంతరాలు ఇవి: మచ్చలు చిన్నవిగా, అంచులు చెదిరినట్టు ఉన్నాయి, పాయింటర్ నుంచి ఏ కొత్త రోగం వస్తుందో తెలియదు, తిండీ నీళ్ళూ సరిగా చూసుకుంటే రాళ్ళు అదుపులోనే ఉంటాయి. మొదటి తరాల మచ్చల గురించి వాళ్ళు అన్నది నిజమే. తిండి సంగతిలోనూ కొంత నిజముంది. కానీ ప్రతి యజమానీ ప్రతి రోజూ చేయాల్సిన కాపలాను, ఒక్క జన్యువు మార్పుతో అవసరమే లేకుండా చేయగలిగే పనితో సమానం చేయడం సరికాదు. కొత్త రోగం వస్తుందన్న అభ్యంతరానికి జవాబు పరీక్షల్లో దొరుకుతుంది. బయటి నుంచి తెచ్చే ఆ ఒక్క కుక్కనూ, దాని తల్లిదండ్రులనూ, తోబుట్టువులనూ పరీక్షించవచ్చు. మూసిన పుస్తకంలో ఉన్నవి మాత్రం తెలిసిన రోగాలు, అవీ ప్రతి కుక్కలో.

ఆ ఓటు తర్వాత పుట్టిన డాల్మేషన్లన్నీ అదే లోపంతో పుట్టాయి, షైబుల్ వంశపు కుక్కలను పెంచుతూ వచ్చిన కొద్దిమంది దగ్గర తప్ప. 2008లో రెండు సంగతులు కలిశాయి. చెడిన జన్యువేదో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలోని డానికా బన్నాష్ బృందం గుర్తించింది. అదే ఏడాది ఆగస్టులో బీబీసీ జాతి కుక్కల రోగాల మీద డాక్యుమెంటరీ ప్రసారం చేసింది, బ్రిటన్ కెన్నెల్ క్లబ్ ఆత్మరక్షణలో పడింది. 2009లో తోబుట్టువుల మధ్య, తల్లీకొడుకుల మధ్య, తండ్రీకూతుళ్ళ మధ్య జతలతో పుట్టిన పిల్లలకు నమోదు ఆపేసింది. 2010లో షైబుల్ వంశానికి చెందిన ఆడకుక్కను డాల్మేషన్‌గా నమోదు చేసింది. అమెరికన్ క్లబ్ 2011లో ఒప్పుకుంది. 1981లో ఇచ్చిన అనుమతి మళ్ళీ దొరకడానికి 30 ఏళ్ళు పట్టింది. ఈలోగా పాయింటర్ ఏమీ మారలేదు, జీవశాస్త్రమూ మారలేదు.

ఇప్పుడు పిల్లను ఏరడం తేలిక. బుగ్గ లోపల దూది పుల్లతో రుద్ది పంపితే చాలు. ఒక్క జాగ్రత్త: పాలు తాగిన వెంటనే తీయకూడదు. నోట్లో మిగిలిన తల్లి కణాలు కలిసి ఫలితం తప్పుతుంది. తల్లి నుంచి విడదీసి గంటైనా ఆగి తీయాలి. ఒక మంచి ప్రతి ఉన్న రెండింటిని జత కడితే పిల్లల్లో నాలుగింట ఒకటికి రెండూ మంచి ప్రతులు వస్తాయి. అలాంటి కుక్కను ఎవరితో జత కట్టినా పిల్లలందరూ ఈ లోపం నుంచి బయటపడతారు.

సంకరం అన్నింటినీ నయం చేయదు. డాల్మేషన్ చెవుడు ఆ తెల్లటి ఒంటి రంగుతోనే ముడిపడి ఉంది. తెలుపు కావాలంటే ఆ ముప్పూ ఉంటుంది, చెవుల పరీక్ష తప్పదు. పైగా అన్ని తరాలు వెనక్కి జత కట్టాక పాయింటర్ నుంచి మిగిలేది ఆ ఒక్క జన్యువూ, దాని చుట్టుపక్కల ముక్కా. జాతి మొత్తంలో వైవిధ్యం పెరిగినట్టు కాదు. ఒకే జన్యువుతో వచ్చే రోగానికి ఈ పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది. కావలియర్ దగ్గర చిక్కు ఇక్కడే వస్తుంది.

కావలియర్ గుండె కవాటం రోగం ఒక్క జన్యువుది కాదు. పదేళ్ళు దాటిన కావలియర్లలో దాదాపు అన్నింటి గుండెలోనూ ఆ రోగం వల్ల వచ్చే గరగర శబ్దం వినబడుతుంది. సంకరం వద్దనేవారు డెన్మార్క్‌ని చూపిస్తారు. అక్కడ జత కట్టే ముందు గుండె పరీక్ష తప్పనిసరి చేశాక రోగం గణనీయంగా తగ్గింది. ఇది గట్టి వాదన, దాన్ని తోసిపుచ్చలేం. రెండున్నరేళ్ళు నిండకుండా జత కట్టకపోవడం, ఐదేళ్ళ వయసులోనూ గుండె శుభ్రంగా ఉన్న తల్లిదండ్రుల పిల్లలనే వాడటం ఎక్కడైనా పాటించాల్సిన నియమాలు. కానీ పుర్రె సంగతి వేరు. మెదడుకు సరిపోనంత ఇరుకు పుర్రె ఈ జాతిలో దాదాపు ప్రతి కుక్కకూ ఉంది. దాని వల్ల వెన్నుపాములో నీటి గుంటలు ఏర్పడి, మెడ ముట్టుకుంటే కేక వేసే కుక్కలున్నాయి. గాలిలోనే మెడ గోక్కుంటూ నడిచేవీ ఉన్నాయి. ఇక్కడ మళ్ళీ డాల్మేషన్ ప్రశ్నే: లోపల మంచిది లేనప్పుడు దేన్ని ఏరుకోవాలి?

ఈ సందర్భంలో మరచిపోకూడనివి ఇంకో రెండు ఉన్నాయి. తోక కత్తిరింపు మీద ఆంక్షలు రావడంతో బ్రిటన్ జన్యుశాస్త్రవేత్త బ్రూస్ కాటనాక్ 1990ల్లో బాక్సర్ జాతి కుక్కని పొట్టి తోక కోర్గీతో సంకరం చేశారు. కొద్ది తరాల్లోనే చూపుకి పూర్తిగా బాక్సర్లయ్యాయి, కెన్నెల్ క్లబ్ నమోదు చేసింది. తోక కోసం తెరిచిన తలుపును వెన్నుపాము కోసం తెరవలేమనడం అర్థం కాని మాట. బసెంజీలకు 1990లో అమెరికా పుస్తకం తెరిచి ఆఫ్రికా నుంచి తెచ్చిన కుక్కలను చేర్చుకున్నారు. ఆ జాతి ఈనాటికీ బసెంజీయే.

కావలియర్‌ని వేరే జాతితో సంకరం చేసే ప్రణాళికలను అంచనా వేసేవారు అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. బయటి కుక్కలు ఎన్ని? ఒకటే అయితే, దాని పిల్లలను తమలో తాము జత కట్టక తప్పని స్థితి త్వరలోనే వస్తుంది. ప్రతి తరంలో వెనక్కి జత కట్టే కావలియర్లు వేర్వేరు వంశాలవేనా? దగ్గరి రక్తపు శాతం (తల్లిదండ్రుల మధ్య ఎంత దగ్గరి చుట్టరికం ఉందో చెప్పే లెక్క) కాగితం మీది ఐదు తరాలతో లెక్కిస్తే తక్కువ కనిపిస్తుంది. డీఎన్‌ఏతో కొలిచిన లెక్క అడగాలి. 2021లో 227 జాతులను అలా కొలిస్తే సగటు 25 శాతం దగ్గర తేలింది. అది తోబుట్టువులను జత కట్టినదానితో సమానం. అన్నిటికంటే ముఖ్యంగా, పుర్రె ఆకారం మీద అనేక జన్యువుల ప్రభావం ఉంటుంది కాబట్టి డాల్మేషన్లలో చేసినట్టు 3 శాతం దాకా పలుచన చేస్తే వచ్చిన మేలూ కొట్టుకుపోతుంది. ఎక్కడ ఆపాలో ముందే రాసుకోవాలి.

ఇంకొకటి కాలం. వెన్నుపాము గుంటలు వయసుతో పెరుగుతాయి. ఏడాది వయసులో తీసిన ఎమ్మారై శుభ్రంగా ఉన్నా మూడేళ్ళప్పుడు, ఐదేళ్ళప్పుడు మళ్ళీ తీయాలి. ఫలితాలు ముందు చూపిస్తేనే నమోదు ఇస్తామనే క్లబ్బులు, ఇప్పుడు పుట్టే సంకర పిల్లలకు ఐదేళ్ళు నిండే దాకా ఏ ఫలితాన్నీ చూడలేవు. ఆ పిల్లలు ఎక్కడున్నాయో, గుండె, మెదడు పరీక్షలు ఏం చెప్పాయో రాసిపెట్టే పుస్తకం అప్పటిదాకా ఎవరో ఒకరు తెరిచి ఉంచాలి.