వంగుతూ పద్నాలుగేళ్లు: వయోమింగ్ అనే కొయ్య ఓడ

కొయ్యతో ఎంత పొడవైన ఓడ కట్టగలం? అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, బాత్ పట్టణంలో పెర్సీ అండ్ స్మాల్ సంస్థ 1909 డిసెంబరులో నీటిలోకి దించిన వయోమింగ్ దాదాపు ఆ హద్దు దాకా వెళ్లింది. అది ఆరు తెరచాప స్తంభాల స్కూనర్. డెక్కు పొడవే దాదాపు 107 మీటర్లు, ముందుకూ వెనక్కూ పొడుచుకొచ్చిన దూలాలతో కలిపితే 137. చేసే పని బొగ్గు మోయడం. వర్జీనియా రేవుల్లో సుమారు 6,000 టన్నులు నింపుకొని తీరం వెంబడి ఉత్తరాదికి చేర్చేది.

ఆవిరి ఓడల కాలంలో తెరచాప ఓడ ఎలా గిట్టుబాటయింది? గాలి ఉచితం అన్నది సగం జవాబే. స్కూనర్ తెరచాపలు ఓడ పొడవు వెంబడి ఉంటాయి కనుక వాటిని చాలావరకు డెక్కు మీద నుంచే సరిచేయవచ్చు. బరువులెత్తడానికి చిన్న ఆవిరి యంత్రం ఉండేది. అంత పెద్ద ఓడకూ పదీ పన్నెండు మంది సరిపోయేవారు. మనుషుల్ని పెంచకుండా సరుకు పెంచాలంటే ఓడ పొడవు పెంచాలి.

చిక్కంతా ఆ పొడవులోనే ఉంది. ఓడ కొలతలన్నీ రెట్టింపు చేస్తే బరువు ఎనిమిది రెట్లవుతుంది. ఆ బరువు రెట్టింపు దూరం నుంచి లాగుతుంది కాబట్టి ఓడను వంచే ప్రభావం పదహారు రెట్లు. తట్టుకునే బలం పెరిగేది ఎనిమిది రెట్లే. అంటే కొయ్య మీద ఒత్తిడి రెట్టింపు! పైగా ఆ కొయ్య ఒకే దుంగ కాదు, బోల్టులతో బిగించి సందుల్లో నార కూరిన వేల ముక్కలు. పుస్తకాన్ని వంచితే కాగితాలు ఒకదానిపై ఒకటి జారినట్టు పలకలు రవ్వంత జరుగుతాయి, నార వదులై నీరు ఊరుతుంది. సన్నగా ఉండే రెండు కొసలను నీరు సరిగా మోయదు, అవి కిందికి వాలితే నడుము పైకి ఉబ్బుతుంది. నడుము కిందికి అల పల్లం వచ్చేసరికి వంపు తిరగబడుతుంది. ప్రతి అలకూ ఇదే.

కట్టినవాళ్లకు ఇదంతా తెలుసు. చట్రానికి ఇనుప పట్టీలను ఏటవాలుగా, ఒకదాన్నొకటి ఖండించేలా బిగించారు. ఊరే నీటిని పంపులు తోడేవి. ఇంత పొడవైన ఓడ కట్టడాన్ని దురాశ అనడం నాకు న్యాయంగా తోచదు, ఆ ఓడ పద్నాలుగేళ్లు పనిచేసింది.

1924 మార్చిలో బొగ్గుతో కెనడాలోని సెయింట్ జాన్‌కు వెళ్తూ, మసాచుసెట్స్‌లోని చాతమ్ దగ్గర ఈశాన్య తుఫానుకు చిక్కి లంగరు వేసింది. సమీపంలోనే ఐదు స్తంభాల కోరా ఎఫ్. క్రెస్సీ కూడా ఆగింది. లోతు తక్కువ చోట అలలు దగ్గరదగ్గరగా, నిటారుగా లేస్తాయి. లంగరుకు కట్టుబడిన ఓడకు వాటినుంచి తప్పుకునే వీలుండదు. క్రెస్సీ లంగరెత్తి నడిసముద్రంలోకి వెళ్లి బతికింది. వయోమింగ్ తనలోని వారందరితో సహా మునిగిపోయింది. శకలాలు నాంటకెట్ దీవికి కొట్టుకొచ్చాయి, సముద్రం అడుగున ఓడ జాడ 2003లో దొరికింది. అప్పటికే బొగ్గు రవాణా ఉక్కు ఓడలకూ, టగ్గులు లాగే బార్జీలకూ మళ్లుతోంది. దాని స్థానంలో మరో ఆరు స్తంభాల కొయ్య ఓడను కట్టేందుకు ఎవరూ పూనుకోలేదు.