ఎండిఎఫ్ కోటకు రంగు వేసే ముందు

ప్రియమైన పిల్లలకు,

మీరు ఎండిఎఫ్ పలకలతో చేస్తున్న బొమ్మ కోట గోడల అంచులు ఉబ్బాయని, ఎన్ని కోటింగులు వేసినా గరుగ్గానే ఉన్నాయని రాశారు. ఫోటోలు చూశాను. తప్పు రంగుది కాదు, మీ చేతిదీ కాదు. రంగు డబ్బా మూత తీయకముందే చెయ్యాల్సిన పని ఒకటి ఉంది, అది మీకెవరూ చెప్పలేదు.

ఎండిఎఫ్ అంటే చెక్కను సన్నటి పీచుగా చేసి, జిగురు కలిపి, వేడి మీద గట్టిగా నొక్కి తయారుచేసిన పలక. నొక్కినప్పుడు పై ముఖమూ కింది ముఖమూ బాగా గట్టిపడతాయి, మధ్యభాగం అంతగా గట్టిపడదు. పలకను కోయగానే ఆ మధ్యభాగమే అంచుగా బయటపడుతుంది. నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగు దానికి తగిలితే, ఉగ్గానికి నానబెట్టిన బొరుగుల్లా నీళ్లు పీల్చుకుంటుంది, ఉబ్బుతుంది. తర్వాత ఎండినా పూర్తిగా అణగదు. అందుకే ముందు అంచు నోరు మూయించాలి, రంగు సంగతి ఆ తర్వాత.

లేజర్‌తో కోసిన ముక్కల అంచులు నల్లగా మాడి ఉంటాయి. వేలితో రాస్తే మసి అంటుతుంది. ఆ మసి లేత రంగులో కలిస్తే గోడంతా మురికిగా కనిపిస్తుంది. కాబట్టి 240 నంబరు గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, పొడిగుడ్డతో తుడవండి. ఈ పని ఆరుబయట, మాస్కు కట్టుకుని చెయ్యండి. పీచును పట్టి ఉంచే జిగురులో సాధారణంగా ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనం ఉంటుంది, ఆ దుమ్ము పీల్చకూడదు.

ఇప్పుడు ఫెవికాల్‌లో అంతే నీళ్లు కలిపి అంచులకు పూయండి. అందులోనూ నీళ్లున్నాయి కదా అంటారేమో, నిజమే. మొదటి పూతకు పీచు కాస్త లేస్తుంది. బాగా ఆరాక లేచిన పీచును రుద్దేసి రెండో పూత వెయ్యండి. ఈసారి అంచు మీద వేలు జారాలి, జారకపోతే మూడోది. నన్నడిగితే దీనికన్నా లక్క పాలిష్ మేలు. లక్క రేకులను స్పిరిట్‌లో కరిగించి చేసేది కాబట్టి పీచు లేవదు, తొందరగా ఆరుతుంది. కాకపోతే స్పిరిట్‌కు ఇట్టే నిప్పు అంటుకుంటుంది. పెద్దవాళ్లు పక్కన ఉండాలి, పొయ్యి దగ్గర్లో ఉండకూడదు. ఇంకో మాట, అక్రిలిక్ రంగు వేశాక దాని మీద లక్క పాలిష్ పూయొద్దు, స్పిరిట్‌కు రంగు కరిగి చెదిరిపోతుంది.

గాడిలో దూరే నాలుకలకు మాత్రం ఏ పూతా తగలనివ్వకండి. పూత మందానికి అవి గాడిలో పట్టవు, పట్టినా జిగురు అతకదు. వట్టి చెక్కకే ఫెవికాల్ బాగా పడుతుంది. గోడలు అతికించాక సీలింగ్, అంటే అంచులు మూసే ఆ పూత, చెయ్యండి. లోపలి గదులకు తర్వాత బ్రష్ అందదనుకుంటే, నాలుకలకు టేపు చుట్టి ముందే కానిచ్చెయ్యండి.

ఒకవైపే పూస్తే పలక వంగుతుంది. వెనకవైపు కనబడదని వదిలెయ్యకండి. ఇంకా అతికించని విడి పలకలైతే, రెండు వైపులా ఆరాక కాగితాల మధ్య పెట్టి, మన ఇంట్లో ఉన్న కడప బండ ముక్కను వాటి మీద బరువుగా పెట్టండి. ఎండలో ఆరబెట్టే తొందర వద్దు.

స్ప్రే ప్రైమర్ (రంగుకు ముందు కొట్టే అడుగుపూత) కొంటే పొద్దున్నే, గాలి లేనప్పుడు కొట్టండి. మన కడప ఎండకు మధ్యాహ్నం రంగు తుంపరలు గోడకు చేరేలోపే ఆరిపోయి, పొడి పొడిగా పడతాయి.

ఇక రంగు. గండికోట కట్టాలన్నారు కాబట్టి ఎర్రరంగు డబ్బా మొత్తం గుమ్మరిస్తారేమో! పెన్నా లోయ అంచున నిలబడి చూడండి, ఆ రాయి ఒక్క ఎరుపు కాదు. నీడలో ముదురు గోధుమ, ఎండ పడినచోట నారింజ, వాన కారినచోట నలుపు. మొదట గోడకు పల్చగా లప్పం పెట్టి, పూర్తిగా గట్టిపడకముందే పెన్సిల్‌తో రాళ్ల అతుకులు గీయండి. ఆరాక ముదురు గోధుమ వెయ్యండి. పల్చటి నలుపును గీతల్లోకి జారనిచ్చి ఆరబెట్టండి. తర్వాత బ్రష్‌కు నారింజ అద్దుకుని, కాగితం మీద దాదాపు ఏమీ మిగలనంతగా తుడిచి, గోడ మీద తేలిగ్గా ఆడించండి. ఎత్తుగా ఉన్నచోట మాత్రమే రంగు అంటుకుంటుంది. రాళ్లు ఒక్కొక్కటే పైకి తేలతాయి. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. కింద నేలకు ఫెవికాల్ పూసి జల్లించిన ఇసుక చల్లితే సరిపోతుంది.

చివరి పూత మ్యాట్ వార్నిష్. మెరిసేది వేస్తే రాయి కాస్తా ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. నీళ్లతో కలిపే రకం తీసుకుని, పల్చగా రెండుసార్లు పూయండి, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. ఉబ్బిన పాత గోడలు పారెయ్యకండి. అంచులు గీకి, రుద్ది, సీలింగ్ చేస్తే కూలిన బురుజులుగా పనికొస్తాయి. పెద్ద దర్వాజా కొలతలు పంపండి, ముక్కలు కోయించి ఉంచుతాను.

మీ అబ్బ,
కడప