గోడకు చెక్క తొడిగే ముందు

హన్మకొండ

చిరంజీవులు పెద్దబిడ్డకు, నడిపోడికి, చిన్నదానికి తాత దీవించి రాయునది.

మీ బాపు ఫోన్లోంచి మీరు పంపిన ఫొటోలన్నీ చూశాను. పెద్దబిడ్డ పంపినవి చట్రాలు చట్రాలుగా కట్టిన గోడలు. నడిపోడివి నిలువు గాళ్ళున్న తెల్లచెక్క. చిన్నదానివైతే రాజుల కోటల్లో ఉండే టేకు పలకలు. కొత్తింట్లో ఎవరి అర్ర వాళ్ళకు వస్తుందని తెలిసినప్పటి నుంచి మీ మధ్య ఒకటే కొట్లాటని మీ అమ్మ చెప్పింది. కొట్లాడుకోండి, వద్దనను. కానీ డిజైన్ ఎంచేముందు గోడను చూడాలి. గోడ అవతల ఏముంది, యివతల దానికి ఏం తగులుతుంది అన్నది తేలితే సగం డిజైన్లు వాటంతటవే పక్కకుపోతాయి.

గోడకు నేల నుంచి నడుమెత్తు దాకా తొడిగే ఈ పనిని ఇంగ్లండులో వెయిన్‌స్కోటింగ్ అంటారు. మన దగ్గర ప్యానెలింగ్ అంటే చాలు, వడ్రంగం చేసే వడ్లవాళ్ళకు అర్థమవుతుంది. చలిదేశాల్లో పుట్టిన పని ఇది. రాతిగోడల ఇళ్ళల్లో చలికాలం గోడకు ఆనుకుంటే ఒళ్ళు జివ్వుమంటుంది కదా, అందుకని 16వ శతాబ్దంలో అక్కడి ఉన్నవాళ్ళు ఓక్ పలకలతో గోడలు కప్పించుకున్నారు. బాల్టిక్ సముద్రం వైపు నుంచి ఓడల్లో ఆ కర్ర దిగేది. రానురాను చలి సంగతి వెనకబడి, కుర్చీ వీపు తగిలి గోడ పాడవకుండా చూసుకోవడమే ముఖ్యమైంది. ఫొటోల్లో నడుమెత్తున అడ్డంగా ఒక పట్టీ కనిపిస్తుంది చూడండి, కుర్చీ తగిలేది అక్కడే.

మనకు ఆ చలి లేదు. చెక్క కప్పితే ఓరుగల్లు ఎండలో ఇల్లు చల్లగా ఉంటుందని ఎవరన్నా చెప్తే నమ్మకండి, అరంగుళం చెక్కతో అంత పని కాదు. అయినా కింది గోడను వేరుగా చూసుకోవడం మనకేం కొత్త కాదు. పాత పెంకుటిళ్ళల్లో గోడంతా సున్నం వేసి కింద జానెడు మేర జాజు పూసేవాళ్ళు. సర్కారు బడుల్లో, దవాఖానాల్లో ఇప్పటికీ కింది సగానికి ఆయిల్ పెయింటే. గోడ మాసేదంతా కిందనే కాబట్టి. తడిగుడ్డ నీళ్ళు, చీపురు దెబ్బ, సైకిల్ హ్యాండిల్, మీరు విసిరే స్కూలు బ్యాగులు, అన్నీ అక్కడే తగులుతాయి.

ఇప్పుడున్న ఇంట్లో దివాన్ వెనక, మీ బాపమ్మ కూర్చుని టీవీ చూసే చోట, గోడ మీద గుండ్రటి మరక ఉంది చూశారా? తలనూనె. ఎన్ని రంగులు వేసినా కొన్నాళ్ళకు మళ్ళీ తేలుతుంది, గిలాబులోకి, అంటే గోడ మీది సిమెంటు పూతలోకి, దిగిన నూనె అంత తొందరగా పోదు. టేపు పెట్టి చూస్తే నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో ఉంది. ప్యానెలింగ్ గోడలో మూడోవంతు ఉండాలని అందరూ చెప్పే లెక్క. మన ఇంట్లో పదడుగుల గోడకు అది మూడడుగుల నాలుగంగుళాలు. అంటే పుస్తకం లెక్క ప్రకారం కట్టిస్తే చెక్క కింద ఆగిపోతుంది, మీ బాపమ్మ తల పైన గోడకే ఆనుతుంది! అందుకే కొత్తింటి హాల్లో నాలుగు గోడలకూ చెక్క వద్దంటున్నాను. దివాన్ గోడ ఒక్కదానికే దర్వాజ ఎత్తు, అంటే ఏడడుగుల దాకా, సాదా పలక మీద నిలువు పట్టీలు కొట్టిస్తే చాలు. చెక్కను గోడ మధ్యదాకా లేపి ఆపితే అర్ర పొట్టిగా కనిపిస్తుంది. ఆపితే మూడోవంతులో ఆపాలి, లేదంటే మూడింట రెండొంతుల దాకా పోనియ్యాలి.

ఇక చెమ్మ సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చెడిపోయే ప్యానెలింగ్‌లో ఎక్కువ భాగం చెడిపోయేది దీనివల్లే.

కొత్త గిలాబులో నీళ్ళు నెలల తరబడి ఉంటాయి. పైకి పొడిగా కనిపిస్తుంది, చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. మన ఇంటి గిలాబు ఈ వానాకాలంలోనే అయింది కాబట్టి వచ్చే ఎండాకాలం గడిచేదాకా గోడకు చెక్క ముట్టనివ్వను, ఎంత తొందరపెట్టినా సరే. గోడలో తడి ఉందో లేదో చూసే ఉపాయం ఒకటుంది, మీ బాపుతో చేయించండి. తెల్లటి పాలిథిన్ కవరు జానెడు ముక్క కోసి, గోడకు నాలుగు అంచులా గాలి దూరకుండా టేపు వేసి రెండు రోజులు ఉంచాలి. కవరు లోపలివైపు నీటిబొట్లు పేరుకుంటే తడి గోడలోంచి వస్తున్నట్టు. బయటివైపు మాత్రమే చెమ్మగా ఉంటే అది గాలిలోని తేమ, దానికి భయం లేదు.

చిన్నదాని అర్ర ఉత్తరం గోడకు అవతల బాత్రూం ఉంది. ఆ గోడకు ఈ పరీక్ష తప్పకుండా కావాలి. అలాంటి గోడల్లో నల్లా పైపు ఎక్కడన్నా సన్నగా కారితే కింద తెల్లటి పొడి తేలుతుంది, ఉప్పెక్కడం అంటారు. దాని మీద చెక్క కప్పితే కనిపించకుండా పోతుందని కొందరి ఆలోచన. కనిపించదు, నిజమే, లోపల జరిగేది మాత్రం ఆగదు. తడి, చీకటి, చెక్క మూడూ ఒక్కచోట దొరికితే చెదలకు పండగే.

చెక్క రకం కూడా ఇక్కడే తేలుతుంది. దుకాణంలో ముందుగా చూపించేది ఎమ్‌డీఎఫ్. చెక్క పీచును జిగురుతో ఒత్తి చేసే అట్ట అది, నున్నగా ఉంటుంది, రంగు అద్దంలా పడుతుంది. ఒక చిన్న ముక్క తెచ్చి రాత్రంతా గ్లాసు నీళ్ళల్లో సగం ముంచి పెట్టండి. పొద్దున తీసి చూస్తే మునిగిన సగం రొట్టెలా ఉబ్బి ఉంటుంది, ఎండబెట్టినా పాత మందానికి రాదు. 2020 ఆగస్టులో, మళ్ళీ 2023 జూలైలో ఇక్కడి కాలనీల్లోకి వరదనీళ్ళు వచ్చినప్పుడు ఆ రకం అల్మారాలు ఎన్నో వీధుల్లో కుప్పలు పడ్డాయి. మన ఇల్లు మెరక మీదే ఉంది గానీ తడిగుడ్డ రోజూ పడుతుంది. కాబట్టి కింద నాలుగంగుళాలు గ్రానైట్ స్కర్టింగ్ వేయించి, చెక్క ఆ పైనుంచే మొదలుపెట్టాలి. ప్లైవుడ్ కొనేటప్పుడు దాని మీది ముద్ర చదవండి: ఐఎస్ 710 అని ఉంటే నీళ్ళను తట్టుకునే జిగురుతో చేసిన మెరైన్ ప్లై, ఐఎస్ 303 అని ఉంటే మామూలు ఇంటి పనికి వాడేది. చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన డబ్ల్యూపీసీకి చెదలు, నీళ్ళ భయం లేదు, పొయ్యి పక్కన మాత్రం పెట్టొద్దు. వంటింటికి ఎలాగూ టైల్సే, పోపు చిట్లే గోడకు చెక్క ఎందుకు?

చిన్నదానికి ముందే చెప్తున్నా, అలగొద్దు. నీ టేకు పలకలు నాకూ ఇష్టమే. ఆదిలాబాద్, జన్నారం అడవుల టేకు ఉన్న ఉత్తర తెలంగాణలో పుట్టి టేకు నచ్చదంటే ఎలా? పాత ఇంటి తలుపు చూడు, పలక నడుమ ఉబ్బెత్తుగా, అంచులు పలచగా ఉంటాయి. ఆ అంచు చట్రం గాడిలో వదులుగా కూర్చుంటుంది. మేకు ఉండదు, జిగురు ఉండదు. వానాకాలం కర్ర ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది, ఆ కదలికకు చోటు ఇవ్వకపోతే పలక నిట్టనిలువునా చీలుతుంది. నువ్వు పంపిన ఫొటోలో ఉన్నది కూడా ఇదే పని, గోడకు చేశారు అంతే. కానీ చేవ ఉన్న టేకు గోడ నిండా పెట్టాలంటే మీ బాపు ఇంకో అప్పు తేవాలి. పైగా పదడుగుల చిన్న అర్రలో అది బరువుగా, చీకటిగా కనిపిస్తుంది. నీ గోడకు నేను చెప్పేది బీడింగ్ చట్రాలు, అంటే సన్నటి చెక్కపట్టీలతో కట్టేవి. చెక్కపలక ఏమీ ఉండదు, గిలాబు మీదే సన్నటి బీడింగ్‌ను మూలల్లో నలభై ఐదు డిగ్రీల కోతతో చతురస్రాలుగా అతికించి, గోడకూ బీడింగ్‌కూ ఒకటే రంగు వేస్తారు. వెనక కప్పేది లేదు కాబట్టి బాత్రూం వైపు నుంచి చెమ్మ వస్తే వెంటనే కంటికి కనిపిస్తుంది. కడిగినా పోని రంగు వేయిస్తే నీ క్రేయాన్ గీతలు కూడా తుడుచుకోవచ్చు.

నడిపోడా, నీ అర్ర కిటికీ రోడ్డు వైపు ఉంది. ఆ నిలువు గాళ్ళల్లో ఎండాకాలం దుమ్ము నిండితే తీసేది ఎవరు? నువ్వైతే కాదు. ఆ చెక్క మెట్ల కింద ఇరుకు నడవకు బాగుంటుంది, నిలువు గీతల వల్ల ఎత్తుగా కనిపిస్తుంది. నీ అర్రకు మీ అక్క అర్రలాంటి సాదా చట్రాలే పెట్టుకో, రంగు మాత్రం నీ ఇష్టం. తెల్లరంగు మాత్రం అడగకు.

పెద్దబిడ్డా, లెక్కలు నీకిష్టం కదా, నీ గోడతోనే చూపిస్తాను. నీ పొడుగు గోడ పన్నెండడుగులు, అంటే 144 అంగుళాలు. ప్లై షీటు ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు. ఎనిమిదడుగులను అడ్డంగా మూడు ముక్కలు కోస్తే ఒక్కోటి 32 అంగుళాలు. రంపం పొడి కింద కొంచెం పోతుంది, అది పట్టీ చాటున దాగుతుంది. మూడు ముక్కలు పక్కపక్కన పెడితే సరిగ్గా పన్నెండడుగులు. కింద నాలుగంగుళాల స్కర్టింగ్, పైన మూడంగుళాల పట్టీ కలుపుకుంటే మొత్తం 39 అంగుళాలు, మూడోవంతుకు ఒక్క అంగుళమే తక్కువ. ఒక గోడకు ఒక షీటు, ముక్క వృథా కాలేదు.

ఇప్పుడు నిలువు పట్టీలు. ప్లై ముక్కలు కలిసే జాయింట్లు 48వ అంగుళం దగ్గర, 96వ అంగుళం దగ్గర వస్తాయి. నువ్వు గీసిన బొమ్మలో ఐదు గళ్ళున్నాయి. ఐదైతే ఆ జాయింట్లు రెండూ గళ్ళ నడుమ బయటపడతాయి. ఆరు పెట్టు. మూడంగుళాల పట్టీలు ఏడు, 21 అంగుళాలు. 144లోంచి తీసేస్తే 123, ఆరుతో భాగిస్తే గడికి ఇరవైన్నర. జాయింట్లు రెండూ పట్టీల కిందికి పోతాయి, కావాలంటే కాగితం మీద గీసి చూసుకో. స్విచ్ బాక్సులు గిలాబుకు ముందే పెట్టేశారు కాబట్టి పట్టీలే వాటిని తప్పుకోవాలి. సగం పట్టీ మీద, సగం గడిలో స్విచ్ బోర్డు ఉన్న గోడ చూస్తే నాకు కడుపులో దేవినట్టు అవుతుంది.

పై పట్టీ కిటికీ కింది అంచుతో ఢీకొట్టొద్దు. కలిస్తే పూర్తిగా కలవాలి, లేదంటే దూరంగా ఉండాలి, రెండంగుళాల తేడా ఉంటే మాత్రం మేస్త్రి తప్పు చేసినట్టే కనిపిస్తుంది. దసరాకు వచ్చినప్పుడు వేయిస్తంభాల గుడికి పోదాం. 1163లో కట్టిన ఆ గుడి పీఠం చూడండి, అడ్డపట్టీలు ఎన్ని మూలలు తిరిగినా వరుస తప్పవు. రామప్పలో కింది వరుసలో ఏనుగులు ఒకదాని వెనక ఒకటి గుడి చుట్టూ నడుస్తాయి. గోడ కింది భాగాన్ని ఎంత శ్రద్ధగా చెక్కారో అక్కడే చూపిస్తాను, ఫొటోల కన్నా బాగా అర్థమవుతుంది.

వచ్చేటప్పుడు మాస్కింగ్ టేపు రెండు చుట్టలు తెండి. మీ అర్రల్లో పట్టీలు వచ్చే చోటల్లా గోడ మీద అతికించి, వారం రోజులు అట్లనే ఉంచుదాం. మార్చుకోవాలంటే టేపు పీకితే సరిపోతుంది. ఈలోపు మీ మంచం తలగడ ఎత్తు, చదువుకునే బల్ల ఎత్తు కొలిచి మీ బాపు ఫోన్‌ నుంచి పంపండి. అంగుళాల్లోనే పంపండి, సెంటీమీటర్లు వడ్లాయనకు నచ్చవు.

మీ బాపమ్మ సకినాలు చేసి పెడతానంది.

ఇట్లు
మీ తాత