అగ్గిపుల్లకీ తుమ్మ మొద్దుకీ మధ్య

వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద మసిపట్టిన కాగు, పక్కన అగ్గిపెట్టె. ఇంట్లో గ్యాస్ స్టవ్ ఉన్నా డిసెంబరు పొద్దున స్నానాల నీళ్ళు మాత్రం కట్టెల మీదే కాగాలి. మా నల్లగొండ వైపు చాలా ఊళ్ళలో ఇది ఇంకా మారలేదు. మారిందల్లా పొయ్యి ముట్టించే తీరు. ఒకప్పుడు కట్టెల మీద కాసింత గ్యాస్‌నూనె (కిరోసిన్‌ని మేమట్లే అంటాం) చల్లేవాళ్ళు. రేషన్‌లో అది దొరకడం తగ్గాక నూనె ప్యాకెట్ల కవర్లు, తెగిన చెప్పులు, సైకిల్ ట్యూబు ముక్కలు వచ్చి చేరాయి. ఆ నల్లటి పొగ పడకనే నేను ఇంట్లో పారేసే సరుకుతో, పొయ్యి ముట్టించడానికి పనికొచ్చే అగ్గిబిళ్ళలు చేయడం మొదలుపెట్టాను.

అసలు చిక్కు ఎక్కడుందంటే, అగ్గిపుల్ల మహా అయితే పదిహేను ఇరవై సెకన్లు మండుతుంది. సర్కారు తుమ్మ మొద్దు అంటుకోవాలంటే నిమిషాలు కావాలి. కట్టె నేరుగా మండదు. ముందు అందులోని నీరు పోవాలి. ఆ తర్వాత 200 డిగ్రీల సెల్సియస్ దాటాక కట్టెలోని సెల్యులోజులాంటి నార పదార్థాలు విరిగి వాయువులు బయటికొస్తాయి. మనకు కనిపించే మంట ఆ వాయువులదే. కిలో కట్టెలో 200 గ్రాముల నీరున్నా దాన్ని ఆవిరి చేయడానికే దాదాపు 500 కిలోజౌళ్ళ వేడి ఖర్చవుతుంది. అగ్గిపుల్ల బరువు గ్రాములో పదో వంతు. అది మొత్తం కాలినా రెండు కిలోజౌళ్ళు రావు. ఊదీ ఊదీ కళ్ళు ఎర్రబడేది ఈ లెక్క కుదరకనే.

అందుకే మొద్దుకి ముందు పత్తికట్టె, కందికట్టె పెడతాం. అంతే బరువున్న సన్నపుల్లలకు వేడి తగిలే పైభాగం చాలా ఎక్కువ. పది సెంటీమీటర్ల ఘనం కట్టె ముక్కకు పైభాగం 600 చదరపు సెంటీమీటర్లు. దాన్నే ఒక్కో సెంటీమీటరు ఘనాలుగా కోస్తే 6,000. కట్టె పెరగలేదు, మంటకు అందే చోటు పది రెట్లయింది. రంపపు పొట్టు దాకా వెళితే ఇంకెంతో. కానీ ఉత్త పొట్టును కుప్పపోస్తే లోపలికి గాలి ఆడక మండదు, రాజుకుని పొగ మాత్రం వస్తుంది.

మైనం కావలసింది ఇక్కడే. కార్తీక పౌర్ణమికి వెలిగించే 365 వత్తుల కట్టను గుర్తు చేసుకోండి. ఉత్త దూది అయితే గుప్పున మండి అయిపోతుంది. నెయ్యిలో నానబెడితే చాలాసేపు వెలుగుతుంది. నెయ్యి పోగుల సందుల్లోంచి పైకి పాకి, మంట దగ్గర ఆవిరై మండుతుంది. నెయ్యి ఉన్నంతసేపూ దూది పెద్దగా కాలదు. కొవ్వొత్తి కథా అంతే. 1860లో లండన్‌లో మైకేల్ ఫారడే పిల్లలకు కొవ్వొత్తి గురించి చేసిన ప్రసంగాల్లో, అప్పుడే ఆర్పిన వత్తి నుంచి లేచే ఆవిరికి దూరం నుంచే నిప్పు చూపించి, మంట వెనక్కి పాకి వత్తిని అంటుకోవడం చూపించాడు. ఇంట్లో చేసి చూడండి, ఎన్నిసార్లు చూసినా ముచ్చటే.

నేను వాడేది ముప్పై గుడ్ల అట్ట. కాగితపు గుజ్జుతో చేసినదే కావాలి, ప్లాస్టిక్‌ది వద్దు. గుంతల్లో కోత మిషన్ దగ్గర దొరికే రంపపు పొట్టు వదులుగా నింపి, కరిగించిన పాత కొవ్వొత్తి ముక్కల మైనం పోస్తాను. ప్లైవుడ్ పొట్టు వద్దు, అందులో జిగురు రసాయనాలుంటాయి. పొట్టు బదులు కొబ్బరి పీచు, గోనెసంచి పోగులు, నలిపిన పల్లి పొట్టు కూడా పనిచేస్తాయి. ఆరాక ఒక్కో గుంత కత్తిరించుకుంటే ముప్పై బిళ్ళలు. పది గ్రాముల మైనం పడితే ఒక్కో బిళ్ళలో 400 కిలోజౌళ్ళ పైమాటే. మా పొయ్యిలో ఒకటి పది నిమిషాల దాకా మండుతోంది.

మొదటి విడత పాడైంది. పొట్టును గట్టిగా అదిమేశాను, గాలి లేక ఆరిపోయింది. రెండో విడతలో టైలరు దగ్గర తెచ్చిన పీలికలు వేశాను. నూలువి బాగా అంటుకున్నాయి. ఓ గద్వాల చీర అంచు ముక్క మాత్రం ముడుచుకుని, వెంట్రుకలు కాలిన వాసన కొట్టి ఆరిపోయింది. ఆ చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. పట్టు మన జుట్టులాగే ప్రొటీన్, మంట తీసేస్తే మండదు. పాలిస్టర్ పీలికలైతే కరిగి నల్లపూసలయ్యాయి.

మైనాన్ని ఎప్పుడూ నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు. మరిగే నీళ్ళ గిన్నెలో ఇంకో డబ్బా పెట్టి, అందులో కరిగించాలి. నీళ్ళు వంద డిగ్రీలు దాటవు కాబట్టి మైనమూ దాటదు, అది అంటుకోవాలంటే అంతకు రెట్టింపు వేడి కావాలి. ఒకవేళ మైనం అంటుకున్నా నీళ్ళు మాత్రం పోయొద్దు. నీరు అడుగుకు దిగి క్షణంలో 1,600 రెట్లు ఉబ్బి, మండే మైనాన్ని మనమీదికే చిమ్ముతుంది. స్టవ్ ఆపి మూత పెట్టేయాలి.

అమ్మ ఇదంతా చూసి ఒక మాటంది. "మైనం గూడ పెట్రోలు తీసే ముడినూనె నుంచి వచ్చేదే గదరా. కవర్ కాలిస్తే తప్పు, ఇది కాలిస్తే ఒప్పా?" నిజమే. పాలిథిన్ కవరూ పారాఫిన్ మైనమూ రెండూ కార్బన్, హైడ్రోజన్ గొలుసులే. మైనంలో ఆ గొలుసుకు ఇరవై నుంచి నలభై కార్బన్లు, కవర్‌లో వేలు. రెండూ ఒకే జాతి కాబట్టే కవరూ అంత బాగా అంటుకుంటుంది. అయితే మైనం పొట్టులోంచి పాకి పలచగా ఆవిరవుతుంది. కవర్ అలా ఆవిరి కాలేక, మండే చుక్కలుగా కారుతూ సగం సగం కాలుతుంది, మసి అక్కడిదే. కవర్ మీద అచ్చేసిన రంగుల పొగ దీనికి అదనం. కుప్పలో పీవీసీ ముక్క కలిసిందంటే ఘాటైన హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు కూడా. మైనం పొగే రాదని నేను అనను, తక్కువ వస్తుంది.

పూజగదిలో కర్పూరం ఉంది కదా అనొచ్చు. అది తొందరగా అంటుకుంటుంది, 65 డిగ్రీల దగ్గరే మండగలిగేంత ఆవిరి ఇస్తుంది. పుల్లలు అంటించడానికి సరిపోతుంది, మొద్దుకు చాలదు. పైగా డబ్బాలో ఉన్నది ఉన్నట్టే హరించుకుపోతుంది.

నెయ్యితో చేసిన బిళ్ళల్ని ఎలుకలు తినేశాయి, మైనంవి ముట్టలేదు. మే నెలలో మాత్రం వాటిని రేకుల షెడ్డు కింద పెట్టకండి. బయట 45 దాటితే రేకు కింద ఇంకా ఎక్కువ, చవక మైనం యాభై చిల్లరకే కరిగి కూర్చుంటుంది. ఆ రోజుల్లో మా ట్యాంకు నీళ్ళకు పొయ్యే అక్కర్లేదనుకోండి, పగలల్లా కాలుతూనే ఉంటాయి.