రేకు మీద లేని పేరు

గుంటూరు

చిన్నూకి, బుజ్జికి,

మొన్న కొండ ఎక్కుతుంటే ఒక చెట్టుకున్న రేకు చూపించి, లాటిన్ పేరు చివర ‘రాక్స్‌బ్.’ అని ఎందుకుంది తాతయ్యా, ఆ చెట్టు ఆయనదా అని అడిగారు. ఆయాసంతో జవాబు చెప్పలేకపోయాను.

చెట్టు ఆయనది కాదు. ఆ లాటిన్ పేరు పెట్టి, లక్షణాలు రాసింది ఆయన అని గుర్తు. విలియం రాక్స్‌బరో 1751లో స్కాట్లండులో పుట్టాడు. 1776లో కుంపిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, వైద్యుడిగా మద్రాసు వచ్చి, 1781లో మన సామర్లకోట చేరాడు. అక్కడ మిరియాల తోట వేయించాడు. కుంపిణీ వాళ్ళకి కావలసింది మిరియాలు, నీలిమందు, రంగులు. మొక్కల మీద వాళ్ళ ప్రేమ అంతవరకే! ఈయన మాత్రం దేనికీ పనికిరాని కలుపు మొక్కనైనా వదల్లేదు.

నాకు నచ్చేదేమిటంటే, లాటిన్ పేరుతో పాటు ‘తెలింగ’, అంటే తెలుగు, పేరూ అడిగి రాసుకునేవాడు. సోమిడ మాను చూడండి. దాని చేదు బెరడు జ్వరాలకు పనికొస్తుందని నమ్మి, పేరులో ‘ఫెబ్రిఫ్యూగా’ అని చేర్చాడు, అంటే జ్వరాన్ని తరిమేది. తర్వాత వచ్చిన మరో శాస్త్రవేత్త ఆ ప్రజాతికి, అంటే దగ్గరి చుట్టాలైన మొక్కల గుంపుకి, ‘సోయ్‌మిడా’ అని మన మాటే ఖాయం చేశాడు.

మీరు చూసిన చెట్టు తునికి. దాని ఆకు వేళ్ళ మధ్య మడిచారు కదా, తోలులా వంగింది గానీ చిరగలేదు. బీడీలు చుట్టేది దానితోనే.

ఆయన దగ్గర మనవాళ్ళే బొమ్మలు వేసేవారు. కొమ్మ ఒక పక్క, కోసిన పువ్వు ఒక పక్క, కేసరాలు విడివిడిగా. వాటిలో 300 బొమ్మలు 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. గీసినవాళ్ళ పేర్లు మాత్రం లేవు. చెట్ల పేర్లు అడిగిన మనిషి వీళ్ళ పేర్లెందుకు వేయించలేదో! నాకు ఇప్పటికీ కోపమే.

1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్ బాధ్యత తీసుకుని ఇరవై ఏళ్ళు చూసుకున్నాడు. ఆ తోట మొక్కల జాబితా 1814లో అచ్చయింది, సుమారు 3,500 రకాలు. ఒళ్ళు బాగోక స్వదేశం వెళ్ళి, 1815లో ఎడింబరోలో పోయాడు.

అన్నట్టు, ఆ రేకు మీద ‘తునికి’ అన్న మాట లేదు, గమనించారా? సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక అట్టముక్క, లావు స్కెచ్ పెన్ తెచ్చుకోండి. పురికొస నేను చూస్తాను.

మీ తాతయ్య