వాన పులుపు, నేల సున్నం

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్నటి అల్పపీడనం వానలకు రెండు చెరువుల్లో చేపలు తేలేసరికి, అది యాసిడ్ వాన పనేనని ఎవరో వాట్సాప్‌లో తిప్పారట. వానలో తడిస్తే ఒళ్ళు కాలుతుందా అని మీలో చిన్నదానికి ఒకటే టెన్షన్. కాలదమ్మా. తడిసొచ్చాక మీ అమ్మ వేసే కేకలకు మాత్రం నా పూచీ లేదు.

మూడు రోజులు మబ్బు పట్టి ఎండ లేకపోతే చెరువులో ప్లాంక్టన్, అంటే నీళ్ళలో తేలే సన్నటి నాచు, సరిగా ఆక్సిజన్ తయారుచేయలేదు. ఉన్న కాస్తా రాత్రికి అయిపోతుంది. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిప్పేది అందుకే. చేపలు చావడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. అలాగని యాసిడ్ వాన కట్టుకథేం కాదు.

మన డెల్టా పిల్లలకు పీహెచ్ గురించి చెప్పడం తేలిక. రొయ్యల చెరువు గట్టు మీద కిట్టుతో నీళ్ళు పరీక్షించడం మీరు చూసే ఉంటారు. 7 అయితే అటూ ఇటూ కాదు, తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. వనామీ రొయ్యకు 7.5 నుంచి 8.5 దాకా హాయిగా ఉంటుంది. ఒక్క అంకె కిందికి దిగిందంటే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు. రెండు దిగితే వంద రెట్లు.

మరి మంచి వాన నీటి పీహెచ్ ఎంత? 7 అనుకుంటున్నారేమో, కాదు, సుమారు 5.6. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చినుకులో కరిగి కార్బానిక్ ఆమ్లం అవుతుంది. గోలీ సోడాలో ఉండేది అదే. అంటే ఏ వానైనా కాస్త పులుపే. పెద్ద వాన పడగానే రైతులు చెరువులో సున్నం చల్లడానికి ఇదీ ఒక కారణం. 5.6 కంటే బాగా కిందికి దిగిన వాననే యాసిడ్ వాన అంటారు.

దిగేది రెండు దారుల్లో. బొగ్గులో, మురికి డీజిల్‌లో గంధకం ఉంటుంది. అది కాలి సల్ఫర్ డయాక్సైడ్‌గా పైకి పోయి, తేమతో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లం అవుతుంది. ట్రాక్టర్ బ్యాటరీలో ఉండేది ఇదే, వానలో మాత్రం ఎన్నో వేల రెట్లు పలచన. రెండోది నైట్రిక్ ఆమ్లం. దీనికి ఇంధనంలో మురికి ఉండక్కర్లేదు. మంట వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజనే కలిసిపోతాయి. కోనసీమ గ్యాస్‌లాంటి శుభ్రమైన ఇంధనం మండించినా ఈ రెండోది తప్పదు.

దీన్ని మొదట పట్టుకున్నది రాబర్ట్ ఆంగస్ స్మిత్ అనే రసాయన శాస్త్రవేత్త, మాంచెస్టర్ మిల్లుల పొగ కింద, 1852లో. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఏడాది కూడా అదే. ఆనకట్టను అందరూ గుర్తుపెట్టుకున్నారు, ఆయన మాట వందేళ్ళకు పైగా ఎవరికీ పట్టలేదు. 1960ల చివర్లో స్వాంటె ఓడేన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త, తమ సరస్సుల్ని పాడుచేస్తున్న ఆమ్లం బ్రిటన్, జర్మనీల పొగ గొట్టాల నుంచి వస్తోందని తేల్చాడు. అప్పటికి అందరూ చేసిన వైద్యం గొట్టం ఎత్తు పెంచడమే. కెనడాలోని సడ్‌బరీలో 1972లో ఏకంగా 381 మీటర్ల గొట్టం లేపారు. ఊళ్ళో గాలి బాగుపడింది, గంధకం దూరం పోయి పడింది. చెత్త పక్కింటి గోడ అవతల పారేసి వాకిలి శుభ్రం అనుకోవడమే ఇది.

స్వీడన్, నార్వేల్లో వేల సరస్సుల్లో చేపలు పోయాయి. పీహెచ్ 5 కంటే దిగితే చాలా చేపల గుడ్లు పొదగవు. పైగా ఆమ్లం మట్టిలోని అల్యూమినియాన్ని కరిగించి నీళ్ళలోకి తెస్తుంది, అది మొప్పలకు పట్టేస్తుంది. చెట్లకైతే మట్టిలోని కాల్షియం, మెగ్నీషియం కొట్టుకుపోతాయి. అక్కడే ఎందుకంత నష్టం అంటే, వాళ్ళ సరస్సుల అడుగున గ్రానైట్. ఆమ్లాన్ని విరిచే సున్నం ఆ రాయిలో లేదు. చివరికి స్వీడన్ ప్రభుత్వమే పడవలతో, హెలికాప్టర్లతో సరస్సుల్లో సున్నపురాయి పొడి చల్లించింది. మన రొయ్యల రైతు చేసే పనే!

రాతి సంగతి మీ వంటింట్లోనే తెలుస్తుంది. కడప బండ మీద నిమ్మచెక్క పెట్టి మరిస్తే మచ్చ పడుతుంది, ఎందుకంటే అది సున్నపురాయి. పాలరాయి కూడా ఆ జాతిదే. తాజ్‌మహల్ చుట్టుపక్కల 292 పరిశ్రమలు బొగ్గు మానేసి గ్యాస్‌కు మారాలి, లేదా అక్కడి నుంచి వెళ్ళిపోవాలి అని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 30న తీర్పు చెప్పింది.

ఇక మన సంగతి. గోదావరి ఒండ్రులో, సముద్రం వైపు గుల్లల్లో సున్నం ఉంది. గాలిలో లేచే దుమ్ములోని కాల్షియం కూడా చినుకులోని ఆమ్లాన్ని విరుస్తుంది. మనదేశంలో చాలాచోట్ల వాన అంతగా పులియకపోవడానికి ఈ దుమ్మూ ఒక కారణం. కానీ విశాఖపట్నంలో వాతావరణ శాఖ దశాబ్దాలుగా వాన నీళ్ళు పట్టి పరీక్షిస్తోంది. ఆమ్లం మెల్లగా పెరుగుతున్నట్టు ఆ లెక్కలు చూపిస్తున్నాయి.

మన చేతి పాపం కూడా కొంత ఉంది. చేలో చల్లిన యూరియాలో కొంత అమ్మోనియాగా గాలిలోకి లేస్తుంది, ఆమ్లంతో కలిసి సన్నటి నుసి అవుతుంది. నా లెక్కలో వాన పులుపు కంటే ఊపిరితిత్తుల్లోకి పోయే ఈ నుసే ఎక్కువ భయపడాల్సింది. ఇంకోటి, మడ అడవుల బురదలో గంధకం ఇనుముతో కలిసి నీటి కింద కదలకుండా ఉంటుంది. దాన్ని తవ్వి గట్టు వేస్తే గాలి తగిలి ఆమ్లం పుడుతుంది, పడ్డ వాన దాన్ని చెరువులోకి దింపుతుంది. వాన మంచిదే, గట్టు పుల్లనిది.

మందు ఉంది. విద్యుత్ కేంద్రం పొగ మీద సున్నపురాయి నీళ్ళు చిమ్మితే గంధకం అందులో చిక్కుకుని జిప్సంగా మారుతుంది. చౌడు చేలకు వేస్తారే, అదే జిప్సం. బొగ్గు కేంద్రాలు గంధకానికి పరిమితి పాటించాలని 2015లో నిబంధన వచ్చింది, గడువులు జరుగుతూ పోయాయి, 2025లో చాలా కేంద్రాలకు మినహాయింపే ఇచ్చేశారు. మన బొగ్గులో గంధకం తక్కువన్నది నిజమే. కానీ కాల్చేది కొండలంత కదా, ఆ వాదన నాకు ఎక్కలేదు.

మీకో పని. వచ్చే వానకు చెట్టు, చూరు లేనిచోట కడిగిన గాజు గిన్నె పెట్టండి. మొదటి పది నిమిషాల నీళ్ళు ఒక సీసాలో, గంట తర్వాతవి ఇంకో సీసాలో పట్టండి. రొయ్యల కిట్టు అంత కింది అంకెలు చూపించకపోవచ్చు, బళ్ళో సైన్స్ మాస్టారిని పీహెచ్ పేపర్ అడగండి. రెండు అంకెలూ, గాలి ఏ వైపు నుంచి కొట్టిందో కూడా రాసి నాకు పంపండి.

మీ తాతయ్య