రోహిణి కార్తెలో గ్రాఫిక్స్ కార్డు

పీసీలో గేమ్ బొమ్మల్ని తెర మీదికి తెచ్చే భాగం గ్రాఫిక్స్ కార్డు. దానికోసం చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కి వెళ్లేవాళ్లు ఎక్కువగా అడిగేవి రెండే: రేటెంత, ఫలానా గేమ్‌లో సెకనుకి ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) వస్తాయి. చెన్నైలో కాపురం ఉండేవాళ్లు వీటికంటే ముందు ఇంకో మాట అడగాలి. ఈ కార్డు ఎన్ని వాట్లు?

ఎందుకంటే కార్డు తీసుకునే కరెంటంతా చివరికి వేడిగా మారి మన గదిలోకే వస్తుంది. ఎన్విడియా కంపెనీ కార్డులే చూడండి: 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060 తీసుకునేది 120 వాట్లు. 2022 నాటి ఆర్‌టీఎక్స్ 4090కి 450, 2025లో వచ్చిన 5090కి 575. పీసీ మొత్తం 300 వాట్లు లాగుతోందనుకుందాం. తలుపులు మూసిన పదడుగుల గదిలో గాలిని మాత్రమే లెక్కేస్తే, ఆ వేడి సుమారు రెండు నిమిషాలకి ఒక డిగ్రీ పెంచగలదు. గోడలూ సామానూ కొంత పీల్చుకుంటాయి కాబట్టి అంత వేగంగా జరగదు గానీ, గంటసేపు ఆడాక గది ఎందుకు ఉడికిపోతుందో అర్థమవుతుంది.

కొనేముందు మనం చూసే రివ్యూల్లో ఉష్ణోగ్రతలు చాలావరకు చల్లటి గదుల్లో కొలిచినవే. 23 డిగ్రీల గదిలో కార్డు 68 డిగ్రీలకి చేరిందంటే, అది గాలికంటే 45 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందన్నమాట. ఫ్యాన్ వేగం, వాట్లు మారకపోతే ఆ తేడా కూడా పెద్దగా మారదు. అదే కార్డుని మే నెలలో ఏసీ లేని 36 డిగ్రీల గదిలో పెడితే 81 దగ్గర తేలుతుంది. 80 దాటేకొద్దీ కార్డు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లోనే, 2003 మే 31న, చెన్నైలో 45 డిగ్రీలు నమోదైంది. మనం కొనే కార్డు ఈ ఊరి ఎండాకాలానికి సరిపోవాలి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మనల్ని ఏడిపించే ఉక్కపోత వల్ల కార్డు అదనంగా వేడెక్కదు. గాలిలో తేమ ఎక్కువైతే మన చెమట ఆరదు, అందుకే మనకు అంత చిరాకు. కార్డుకి చెమట పట్టదు కదా, దానికి గాలి ఎంత వేడిగా ఉందన్నదే లెక్క. పీసీ ముందు నీళ్లు పోసే ఎయిర్ కూలర్ పెట్టడం మాత్రం చేయకండి. సముద్రం పక్కనున్న ఊళ్లో అది గాలిని చల్లబరిచేది కొంచెమే, ఆ తడిగాలి లోపలి లోహపు భాగాలకు చేసే చెరుపు ఎక్కువ.

అసలు కార్డు మీదే ఉండి చిప్‌ని చల్లబరిచే కూలర్ చేసే పని ఎంత కష్టమో చూడండి. ఆర్‌టీఎక్స్ 4060లోని చిప్ వైశాల్యం 159 చదరపు మిల్లీమీటర్లు, అంటే ఒకటిన్నర చదరపు సెంటీమీటర్లకి కాస్త ఎక్కువ. అందులో 1,890 కోట్ల ట్రాన్సిస్టర్లు, అంటే కంటికి కనపడని స్విచ్చులు, ఉన్నాయి. కార్డు మొత్తం తీసుకునే 115 వాట్లలో సింహభాగం ఆ చిన్న చిప్ నుంచే వేడిగా వస్తుంది. అంత వేడినీ చిప్‌కే లెక్కేస్తే చదరపు సెంటీమీటరుకి 70 వాట్ల పైమాటే. ఇంట్లో వాడే వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె అడుగున అదే లెక్క వేస్తే సుమారు 5 వాట్లు వస్తుంది. ఇంత వేడిని క్షణం ఆగకుండా లాగేయాలి.

ఆ పని చేసేది మెరిసే రాగి గొట్టాలు. వాటిలో ఉన్నది వట్టి రాగి కాదు. గాలి తీసేసి, లోపల కాసిని నీళ్లు పోసి మూసేస్తారు. ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు వందకంటే చాలా తక్కువ డిగ్రీలకే మరుగుతాయి. చిప్ దగ్గర ఆవిరై, రెండో కొసన రేకుల దగ్గర చల్లబడి మళ్లీ నీరవుతాయి. గొట్టం లోపలి గోడకున్న సన్నటి రంధ్రాల పొర ఆ నీటిని దీపపు వత్తి నూనెని లాగినట్టు వెనక్కి లాగుతుంది. 1963లో అమెరికాలోని లాస్ అలమాస్ లాబొరేటరీలో జార్జ్ గ్రోవర్ ఇలాంటి గొట్టాన్ని తయారుచేసి దానికి హీట్ పైప్ అని పేరు పెట్టాడు. నాకైతే కంప్యూటర్‌లో ఇంతకంటే అందమైన భాగం ఇంకోటి లేదు.

అయితే గొట్టాలెంత గొప్పవైనా, వేడిగాలి బయటికి పోకపోతే ఏం లాభం? చెన్నై వేళచ్చేరిలో మా పక్క ఫ్లాట్‌లో ఉండే నెల్లూరు అబ్బాయి ఓసారి పిలిచాడు. "అన్నా, సైడ్ ప్యానెల్ తీసేస్తే గేమ్ బాగా ఆడుతోంది, పెడితే పది నిమిషాలకే తడబడుతోంది. కార్డు మార్చేయాలంటావా?" కార్డులో ఏ లోపమూ లేదు. కేబినెట్ ముందువైపంతా అద్దం, దాని అంచున వేలు పట్టేంత సందు. ఆ సందులోంచే మూడు ఫ్యాన్లు గాలి పీల్చాలి. పైగా కేబినెట్‌ని టేబుల్ కింది అరలో వీపు గోడకి ఆనేలా తోసేశాడు. అరలోంచి బయటికి తీసి, అద్దం స్థానంలో జాలీ ఉన్న ప్యానెల్ వేస్తే పది డిగ్రీలకి పైగా దిగింది. సైడ్ ప్యానెల్ తీసి చూడటం పైసా ఖర్చులేని పరీక్ష. తీయగానే ఉష్ణోగ్రత బాగా పడిపోతే లోపం కేబినెట్‌ది. 300 వాట్ల వేడిని, గాలి పది డిగ్రీలకి మించి వేడెక్కకుండా మోసుకుపోవాలంటే సెకనుకి పాతిక లీటర్ల గాలి కదలాలి. సందులోంచి అంత గాలి రాదు.

ఇక ఎంపిక సంగతి. మానిటర్‌ని బట్టి కార్డు తీసుకోండి. తెర మీద చుక్కలు (పిక్సెళ్లు) పెరిగేకొద్దీ కార్డుకి పని పెరుగుతుంది. 1080పీ తెర మీద 20.7 లక్షల పిక్సెళ్లు, 1440పీ మీద 36.9 లక్షలు, 4కే మీద 82.9 లక్షలు. 1080పీ మానిటర్ పెట్టుకుని 4కే కార్డు కొంటే డబ్బూ కరెంటూ రెండూ దండగే. మెమరీ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. 2021 నాటి 3060కి 12 జీబీ ఉంటే, 2023 నాటి 4060కి 8 జీబీయే ఇచ్చారు, ఇది నాకు నచ్చలేదు. అయినా 170 వాట్లు 115కి దిగడం ఈ ఊళ్లో చిన్న విషయం కాదు. 1080పీలో ఆడేవాళ్లకి నేను 4060నే చెబుతాను.

పాత పీసీలో కొత్త కార్డు పెట్టేవాళ్లు పీసీ భాగాలన్నింటికీ కరెంటు అందించే డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్ చూసుకోవాలి. మదర్‌బోర్డు స్లాటు ఇచ్చేది 75 వాట్లు, ఒక్కో 8 పిన్ కేబుల్ 150. పెద్ద కార్డుల కొత్త రకం కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగకపోతే కరిగిపోయే ప్రమాదముందని 2022లో 4090 వచ్చాక బయటపడింది. ఆఖరిదాకా నొక్కి, సందు మిగల్లేదని కళ్లతో చూసుకోండి.

కార్డు ఇప్పటికే ఇంట్లో ఉంటే, ఖర్చులేని మంచి ఉపాయం చిప్‌కి ఇచ్చే వోల్టేజీని తగ్గించడం, అంటే అండర్‌వోల్టింగ్. చిప్ వాడే వాట్లు వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చే అంకెని) బట్టి పెరుగుతాయి, తగ్గుతాయి. అదే వేగం దగ్గర వోల్టేజీ పది శాతం తగ్గిస్తే 0.9 సార్లు 0.9, అంటే 0.81. పంతొమ్మిది శాతం వేడి తగ్గినట్టే. కంపెనీలు ప్రతి చిప్పూ పనిచేయాలని వోల్టేజీ కాస్త ఎక్కువే పెడతాయి కాబట్టి చాలా కార్డుల్లో ఈ వెసులుబాటు ఉంటుంది. అదంతా టెన్షన్ అనిపిస్తే, కార్డు సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్ ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ని 80 శాతానికి జరిపి ఆడి చూడండి. ఫ్రేములు తగ్గేది కొద్దిగానే, ఫ్యాన్ల మోత తగ్గడం మాత్రం చెవికి తెలుస్తుంది. సెకనుకి 60 ఫ్రేములే చూపించే 60 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాళ్లు ఫ్రేములు 60 దగ్గర ఆపేస్తే మరీ మంచిది, తెర మీద కనపడని ఫ్రేముల కోసం వేడెక్కే పని తప్పుతుంది. 300 వాట్ల పీసీ రోజుకి నాలుగు గంటలు నడిస్తే రెండు నెలల బిల్లులో 72 యూనిట్లు దానివే, అక్కడా కలిసొస్తుంది.

దుమ్ము దులిపేటప్పుడు బ్లోయర్ గాలికి ఫ్యాన్లు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోండి, లేదంటే బేరింగులు పాడవుతాయి. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో మామూలు ఉష్ణోగ్రతతో పాటు చాలా కార్డులకి హాట్‌స్పాట్ అని, చిప్‌లో అన్నిటికంటే వేడెక్కిన చోటిది, ఇంకో అంకె కనిపిస్తుంది. రెండింటికీ తేడా పది పదిహేను డిగ్రీలుంటే ఫర్వాలేదు. ముప్ఫై దాటుతోందంటే చిప్‌కీ కూలర్‌కీ మధ్యనున్న థర్మల్ పేస్ట్ ఎండిపోయో, పక్కకి జరిగిపోయో ఉంటుంది. వారంటీ ఉంటే కార్డు విప్పకుండా సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. లేకపోతే పేస్ట్ మార్చేటప్పుడు మెమరీ చిప్‌ల మీది ప్యాడ్‌ల మందం ముందే కొలిచి, అదే మందంవి తెచ్చుకోండి. మందం తేడా వస్తే కూలర్ చిప్‌కి సరిగా ఆనదు.